కల్తీ తీసేసిన పొడి

నన్ను అడగకుండా నా శరీరంలోని రెండు గ్రంథులను నిద్రపుచ్చే అధికారం నా తమ్ముడికి ఎవరిచ్చారు?

ఈ ప్రశ్నను మా ఇంట్లో అందరి ముందూ పెట్టాను. తమ్ముడు లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాడు. మరదలు కళ్ళు ఒత్తుకుంది. మా అమ్మాయి, "ఇప్పుడెందుకమ్మా అవన్నీ, ప్రాణం దక్కింది కదా" అన్నది. ఇవేవీ జవాబులు కావు. అచ్చుతప్పులు దిద్దుతూ తల నెరిసినదాన్ని నేను. ఖాళీ వదిలిన చోటును ఖాళీ అనే అంటాను.

జరిగినదంతా ఒక్క ఎండాకాలంలో జరిగింది. ఆ ఏడాది మా ముద్రణాలయంలో పెద్ద నిఘంటువు చివరి సంపుటం అచ్చుకు వెళ్ళవలసి ఉంది. పదవీ విరమణ చేసినా ఆ సంపుటం కోసం నన్ను మళ్ళీ పిలిపించారు. పిలిపించారని చెప్పుకోవడం గర్వమైతే, అవును, గర్వమే. కిటికీ పక్కన పొడవాటి బల్ల, దాని మీద ఏటవాలు చెక్క, ప్రూఫు కాగితాలు ఎగిరిపోకుండా ఇనుప పట్టీ, రెండు రంగుల పెన్సిళ్ళు. ఎర్రది అచ్చుతప్పుకు, నీలిది అనుమానానికి. ఎర్ర పెన్సిలంటే కంపోజింగు వాళ్ళకు భయం, నీలి పెన్సిలంటే సంపాదకుడికి భయం అని ఆ గదిలో ఒక హాస్యం చెలామణీలో ఉండేది. అది హాస్యమని సంపాదకుడు మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

ఆ పెన్సిలే నా చేతిలో నిలవడం మానేసింది. వేళ్ళ కణుపులు వాచి, పొద్దున్నే పిడికిలి మూసుకునేది కాదు. పెన్సిలుకు గుడ్డ చుట్టి లావు చేసుకున్నాను. ఆస్పత్రి మాత్రలు కడుపులో మంట పెట్టాయి గాని కణుపుల్లో మంట తగ్గించలేదు. ఒకనాడు చిన్న సున్నా ఒకటి చుట్టబోతే చెయ్యి జారి పేజీకి అడ్డంగా ఎర్రగీత పడింది. ఎవరూ చూడకముందే ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

తమ్ముడు నాకంటే చాలా చిన్న. మా ఇంటికి రెండు వీధుల అవతల వాడికి మూలికల దుకాణం ఉంది. గోడ నిండా చెక్క సొరుగులు, ఇత్తడి తక్కెడ, మేడ మీద ఎండే బెరళ్ళ ఘాటు. కీళ్ళ నొప్పులకు వాడిచ్చే పొడికి మంచి పేరుండేది. వాడు నాకు ఇస్తానన్నప్పుడల్లా నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఆ సాయంత్రం మాత్రం ఊరుకోలేదు.

"ఈ ఒక్కసారికి నా మాట విను అక్కా. నీ పుస్తకాల్లో లేనిది నా సొరుగుల్లో ఉండకూడదా ఏంటి?"

"ఉండొచ్చురా, ఏ సొరుగులో ఏముందో నీకు గుర్తుంటే."

"అదిగో, మొదలెట్టావా! పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. తేనెలో కలుపుకో. వారంలో నీ చేత్తోనే నా చెవి మెలిపెడతావు చూడు."

వాడి పొట్లాలకు కాగితం నేనే ఇచ్చేదాన్ని. పని అయిపోయిన ప్రూఫులు కట్టలు కట్టి పంపేదాన్ని. అందుచేత ఏ పొట్లం మీద చూసినా నా ఎర్ర గుర్తులే కనిపించేవి. లోపలిదాని మీద మాత్రం ఎవరి గుర్తూ లేదు.

వారం అక్కర్లేకపోయింది. మూడోనాటి పొద్దున నా పిడికిలి మూసుకుంది. మంచం అంచున కూర్చుని చెయ్యి మూస్తూ, తెరుస్తూ చాలాసేపు ఉండిపోయాను. తర్వాత నేరుగా దుకాణానికి వెళ్ళి, జనం నిలబడి ఉండగా, "ఏమయ్యా వైద్యుడా" అని పిలిచాను. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చదువు అబ్బలేదని ఇంటిల్లిపాదీ దెప్పిపొడిచిన మనిషి, ఇంట్లో పుస్తకం వదలని మనిషి నోటినుంచి ఆ మాట విన్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవేనని ఈనాటికీ నమ్ముతున్నాను. వాటి వల్ల నేరం తగ్గుతుందని నమ్మను.

తర్వాతి వారాలలో నేను పనిచేసినట్టుగా యౌవనంలో కూడా చేయలేదు. తెల్లవారకముందే మెలకువ వచ్చేది, వచ్చీ రావడంతోనే బుర్ర దీపంలా వెలిగేది. విపరీతమైన ఆకలి. సంపుటంలో ఇద్దరు పండితులు చూసి వదిలేసిన తప్పులు నా కంటికి చీమల్లా పాకుతూ కనిపించేవి. సంపాదకుడితో రెండుసార్లు గొడవపడి రెండుసార్లూ గెలిచాను. వయసు వెనక్కి తిరిగిందని ముద్రణాలయంలో అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

తేడాను మొదట పట్టుకున్నది ఎదురింటి కుట్టు టీచరు. కింది గదిలో నాలుగు మిషన్లు పెట్టుకుని కుట్టు నేర్పేది. పగలంతా మిషను తొక్కి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. ఆవిడ కూడా చాలాకాలంగా మా తమ్ముడి పొడే వాడుతోంది. నాకు కొలతలు తీస్తూ ఆగిపోయింది.

"అక్కయ్యగారూ, మెడ వెనక ఈ దిబ్బేంటండీ? లోపల దిండు పెట్టి కుట్టినట్టుంది."

"బల్ల మీద వంగి వంగి."

"నడుము పెరిగింది, చేతులేమో సన్నబడ్డాయి. ముఖం చూడండి, నిండు చందమామ! మా ఆయన చూస్తే కొత్తపెళ్ళికూతురనుకుంటాడు."

"మీ ఆయనకు కళ్ళద్దాలు మార్పించు."

"మార్పించానండీ. అప్పట్నుంచీ నావంక చూడ్డం మానేశాడు." ఆవిడ పగలబడి నవ్వింది. నవ్వుతుంటే ఆవిడ బుగ్గలు కూడా అంతే గుండ్రంగా, అంతే ఎర్రగా ఉన్నాయి. ఇద్దరం ఒకే అద్దంలోకి చూస్తూ ఒకరినొకరు మెచ్చుకున్నాం.

ఎండలు ముదిరిన తర్వాత మా అమ్మాయి సెలవు పెట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే సంచి దించి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏంటమ్మా ఈ ముఖం? ఉబ్బిపోయావు."

"ఒళ్ళు చేశానే. తింటున్నాను కదా."

"ఒళ్ళు చేస్తే కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించాలా? ఈ మచ్చలేంటి?"

ముంజేతుల మీద ఊదారంగు మచ్చలు. దేనికి తగిలిందో నాకే గుర్తులేదు. చర్మం ఉల్లిపొరలా పలచబడింది. పొట్ట మీద ఎర్రటి చారలు కూడా ఉన్నాయి. అవి నేను దానికి చూపించలేదు. అది పొట్లం విప్పి వాసన చూసింది.

"ఇందులో ఏముంది?"

"వేళ్ళు, బెరళ్ళు."

"ఏ వేళ్ళు?"

ఆధారం చూపించనిదే ఒక పదానికి అర్థం అచ్చు వేయనివ్వని దాన్ని, ఆధారం అడగకుండా రోజుకు రెండుసార్లు మింగాను. కన్నకూతురి ముందు తల కొట్టేసినట్లయింది. ఆ రాత్రినుంచే పొడి మానేశాను.

తమ్ముడికి ఎలా తెలిసిందో, పొట్లాలు అయిపోయినా రాలేదనుకున్నాడో, మర్నాడే తనే పట్టుకొచ్చాడు.

"అక్కా, మధ్యలో మానకు. ఏం చేసినా మానకు. ఒక్క పూట కూడా."

"మానితే ఏమవుతుందిరా?"

"నొప్పులు తిరగబెడతాయి. నా మీద ఒట్టు, మానకు."

పొట్లాలు నా చేతిలో పెట్టి వేళ్ళు మూసేశాడు. అక్క నొప్పి చూడలేని తమ్ముడనుకున్నాను. వాడిని నొప్పించలేక, రోజూ వేసుకుంటున్నానని చెప్పాను. పొట్లాలు అలమారలో పెట్టాను. ఇంట్లో ఒకరినొకరం నొప్పించకుండా బతకడం మాకు అలవాటు. మందు చేదుగా ఉన్నా బాగుందనడం, మాట చేదుగా ఉన్నా వినపడనట్లుండటం. ఆ అలవాటు దాదాపు నా ప్రాణం తీసింది.

తొలుత అలసట. మెట్టు ఎక్కితే కొండ ఎక్కినట్లుండేది. తర్వాత వికారం, కడుపులో నొప్పి, ఒళ్ళంతా ఎవరో రోట్లో వేసి దంచినట్లు పోటు. తిండి సహించడం మానేసింది. నిలబడితే కళ్ళకు చీకట్లు కమ్మేవి. అప్పటికి సంపుటంలో చివరి ప్రూఫులు మిగిలాయి. అవి నా చేతిమీదుగా వెళ్ళాలనే మొండితనంతో ముద్రణాలయానికి వెళ్ళాను. పేజీలో అక్షరాలు వరుసలు వదిలి తేలుతున్నాయి. చివరి కాగితం మీద సంతకం చేసి పెన్సిలు బల్ల మీద పెట్టడం గుర్తుంది. పెన్సిలు దొర్లి కింద పడిన చప్పుడు గుర్తుంది. వంగి తీసుకోబోయినది గుర్తులేదు.

దగ్గరి ఆస్పత్రిలో ఎండదెబ్బ అన్నారు. బయట నిప్పులు చెరుగుతున్నప్పుడు అంతకంటే తేలికైన జవాబు ఉండదు. సెలైను ఎక్కించారు. రక్తపోటు లేవలేదు, చక్కెర పడిపోయింది. మా అమ్మాయి పట్టుబట్టి పెద్దాస్పత్రికి మార్పించింది. అక్కడ గ్రంథుల డాక్టరు ఒకావిడ ఉంది. పొట్టిగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. వస్తూనే నా ముఖం చూసింది, దుప్పటి కొద్దిగా తొలగించి పొట్ట మీద చారలు చూసింది, మెడ వెనక చెయ్యి పెట్టి చూసింది. రక్తం తీయించి, ఫలితం రాకముందే సూది ఇచ్చింది. ఆ సూది వల్లనే నేను ఈ కథ చెబుతున్నాను.

సాయంత్రానికి తెలివి వచ్చింది గాని కళ్ళు తెరిచే ఓపిక లేదు. చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. మంచానికి ఒక పక్క మా అమ్మాయి, కాళ్ళ దగ్గర తమ్ముడు ఉన్నారని గొంతులను బట్టి తెలిసింది.

"ఈవిడ స్టిరాయిడ్లేమైనా వాడుతున్నారా?" డాక్టరు అడిగింది.

"లేదండీ," అన్నది అమ్మాయి.

"పొడులు, పసర్లు, అలాంటివి?"

"నేనిచ్చే పొడి ఒకటేనండీ," అన్నాడు తమ్ముడు. "అంతా మూలికలే. వేళ్ళు, బెరళ్ళు."

"మీకొక మాట చెప్తాను వినండి. మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులుంటాయి. అడ్రినల్ గ్రంథులంటాం. వాటిల్లోంచి కార్టిసాల్ అని ఒక హార్మోన్ వస్తుంది. పొద్దున్నే మనిషిని లేపేది, రక్తపోటు నిలబెట్టేది, జ్వరమొచ్చినా దెబ్బ తగిలినా తట్టుకునేలా చేసేది అదే. ఈవిడ ముఖం, మెడ, చర్మం చూస్తే ఆ హార్మోన్ ముంచెత్తిన మనిషి. రక్తంలో చూస్తేనేమో దాదాపు లేదు. రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయి?"

ఆ ప్రశ్నకు డాక్టరే జవాబు చెప్పింది.

"బయటినుంచి అలాంటి మందే, అంటే స్టిరాయిడే, వారాల తరబడి లోపలికి వెళ్ళాలి, తర్వాత అది ఉన్నట్టుండి ఆగిపోవాలి. ఇంటికి రోజూ ఎవరో వండి తెచ్చిపెడుతుంటే పొయ్యి చల్లారిపోతుంది చూడండి, అలా. తెచ్చేవాడు ఒకరోజు మానేస్తాడు. చల్లారిన పొయ్యి ఆ పూటకి రాజుకోదు."

"అది మాత్రం కాదండీ," అన్నాడు తమ్ముడు. మాటలో ధీమా ఉంది. "మా అక్క ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకుంటోంది. మానకుండా వేసుకుంటే ఇలా అవ్వదు."

మా అమ్మాయే అన్నది: "లేదు మావయ్యా. నేనొచ్చిన రోజే మానేసింది. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

తర్వాత తమ్ముడి గొంతు. చిన్నప్పుడు ఆటలో ఓడిపోతే వచ్చే గొంతు అది.

"వేసుకుంటున్నానని చెప్పావు గదక్కా."

అంతే. అంతకంటే వాడు ఒప్పుకోనక్కర్లేదు. డాక్టరు అదే నెమ్మదితో పొడిలో కలిపింది ఏ మాత్ర, పొట్లానికి ఎంత అని అడిగింది. వాడు తడుముకోకుండా చెప్పాడు. నేను కళ్ళు తెరవలేదు. ఓపిక లేక కాదు.

ఇంటికి వచ్చాక నాలుగు దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టారు. ఇప్పుడు నాకు డాక్టరే ఆ జాతి మాత్ర ఇస్తోంది. మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి, జ్వరం వస్తే పెంచాలి, ఎప్పుడూ నా అంతట నేనుగా ఆపకూడదు. గ్రంథులు మేలుకోవడానికి ఏడాది పట్టవచ్చు, అసలు మేలుకోకపోనూ వచ్చు. మాత్ర మీద పేరుంది, కొలత ఉంది, ఇచ్చిన మనిషి సంతకం ఉంది. మాత్ర అదే జాతిది, మర్యాద మాత్రం వేరు.

తమ్ముడు వచ్చి గుమ్మం దగ్గరి పీట మీద కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"మొదట్నుంచీ."

"నాకొక్కదానికేనా?"

"అందరికీ." తల ఎత్తలేదు. "వట్టి పొడితో నొప్పి తగ్గట్లేదక్కా. వచ్చినవాళ్ళు మళ్ళీ రావట్లేదు. ఒకసారి కలిపి చూశా. మోకాళ్ళు పట్టుకుని ఏడుస్తూ వచ్చినవాళ్ళు నడుచుకుంటూ పోయారు. అది చూశాక ఎలా మానను? నీ చెయ్యి బాగుపడిందా లేదా?"

"మానకు మానకని ఒట్టు పెట్టావే, అది నొప్పి కోసమేనా?"

వాడు పీట అంచును గోటితో గీకసాగాడు.

"మానితే ఏమవుతుందో నీకు తెలుసు."

"తెలుసు," అన్నాడు చివరికి. వెంటనే రోషం వచ్చింది వాడికి. "నీ నిఘంటువు ఎవరి పుణ్యాన పూర్తయింది? తెల్లారకముందే లేచి పనిచేశావు, సంపాదకుణ్ణి దులిపేశావు, అందరూ ఆహా ఓహో అన్నారు. అదంతా నీ పట్టుదలే అనుకుంటున్నావా?"

నా జన్మలో నన్ను ఎవరూ అంత సూటిగా కొట్టలేదు. పొడి నా ముఖాన్ని మార్చిందంటే అద్దంలో చూసి లెక్క చెప్పగలను. నా బుద్ధిలో ఆ వారాలు వెలిగిన వెలుగులో నాది ఎంత, మాత్రది ఎంత? ఆ సంపుటం అచ్చయి వచ్చింది. ఇప్పటికీ దానిని విప్పలేదు. పదిమంది మెచ్చుకున్న పని మీద నా పేరు ఉంది. అది నా పనేనని ప్రమాణం చేయలేను. నొప్పి తగ్గించి వాడు నా దగ్గరనుంచి పట్టుకుపోయినది అది.

"వాళ్ళందరికీ నువ్వే చెప్పాలి," అన్నాను. "ఒక్కొక్కరికి, నీ నోటితో. డాక్టరు దగ్గరకు వెళ్ళమని చెప్పాలి."

"చెప్తానక్కా. నేను చూసుకుంటాను. కాస్త గడువియ్యి."

ఇచ్చాను. నా ఒంట్లో లేచి వీధి దాటే సత్తువ లేదు. వాడి మాట తప్ప నాకు వేరే కాళ్ళు లేవు. మా అమ్మాయి కూడా, మావయ్య చెప్తానన్నాడు కదా, నువ్వు పడుకో అన్నది.

ఎండలు ఇంకా తగ్గలేదు. ఒక మధ్యాహ్నం కుట్టు టీచరు భర్త మా మెట్లు ఎక్కి వచ్చాడు. మనిషి చెమటతో తడిసిపోయాడు.

"అక్కయ్యగారూ, మా ఆవిడ లేవట్లేదండీ. నిన్నట్నుంచీ వాంతులు. ఏదేదో మాట్లాడుతోంది. వీధి మూలమీది డాక్టరు ఎండదెబ్బంటున్నాడు. మీక్కూడా ఇలాగే అయింది కదా అని..."

"పొడి మానేసిందా?"

"అబ్బే, లేదండీ! ఆవిడ తిండి మానుతుందేమో గాని పొడి మానదు. మొన్ననే మీ తమ్ముడుగారి దగ్గర కొత్త పొట్లాలు తెచ్చాను. అవే వేసుకుంటోంది."

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆవిడ మానలేదు. వాడు మానేశాడు.

నా కాగితాలు, నా మాత్రలు తీసుకుని ఆయన భుజం పట్టుకుని మెట్లు దిగాను. మా అమ్మాయి బండి పిలిచింది. పెద్దాస్పత్రిలో గ్రంథుల డాక్టరు నన్ను చూసి, నా పక్కన స్ట్రెచర్ మీద ఉన్న గుండ్రటి ముఖాన్ని చూసింది. నేను రెండు వాక్యాలు చెప్పాను. మూడోది అవసరం లేకపోయింది. సూది వెళ్ళింది.

మర్నాటికి కుట్టు టీచరు కళ్ళు తెరిచి, "అక్కయ్యగారూ, చివరికి మనిద్దరం కవలపిల్లలమే అయ్యామండీ" అన్నది. ఆ జోకుకు నవ్వలేకపోయాను. గోడవైపు తిరిగి నిలబడ్డాను.

అక్కడినుంచి దుకాణానికే వెళ్ళాను. తమ్ముడు పొట్లాలు కడుతున్నాడు. మరదలు తక్కెడ దగ్గర ఉంది.

"పొడిలోంచి మాత్ర తీసేశారా?"

"తీసేశాం వదినా!" అన్నది మరదలు, శుభవార్త చెప్పినట్లు. "మీరు ఆస్పత్రిలో ఉన్నప్పుడే తీసేయించాను. ఇప్పుడందులో వేళ్ళు తప్ప ఇసుమంత కల్తీ లేదు. కావాలంటే నేనే తిని చూపిస్తాను."

"కొనేవాళ్ళకు చెప్పారా?"

"ఏమని చెప్పమంటారు వదినా? నిన్నటిదాకా కలిపాం, ఇవాళ్టినుంచి కలపట్లేదనా? చెప్తే ఈ తలుపు తీసి ఉంటుందా? మనింటి పరువుంటుందా? తప్పు చేయడం మానేశాక కూడా తప్పు తప్పని అరుచుకోవాలా?"

"కుట్టు టీచరు చావు అంచుదాకా వెళ్ళి వచ్చింది. మీ కల్తీ వల్ల కాదు, కల్తీ తీసేయడం వల్ల."

తమ్ముడి చేతిలో కాగితం ఆగింది. "దిద్దుకున్నానక్కా," అన్నాడు. "తప్పు కనపడగానే దిద్దాలని నువ్వేగా అంటావు."

"దిద్దినవాడు పక్కన గుర్తు పెడతాడురా, ఇక్కడ మార్చానని. నలుగురికీ తెలిసేలా. గుర్తు లేకుండా మార్చడాన్ని మా బల్ల దగ్గర దిద్దడమనరు."

"మరేమంటారు?" అన్నది మరదలు పెడసరంగా.

నేను వెనక్కి తిరిగాను. అరుగు మీద నిలబడి ఉన్న జనంతో మాట్లాడటం మొదలుపెట్టాను. ఈ పొడి ఎన్నాళ్ళుగా తింటున్నారు, ముఖం గుండ్రబడిందా, ఉన్నట్టుండి నీరసంగా ఉంటోందా అని అడుగుతుండగానే నా వెనక షట్టరు కిందికి జారిన చప్పుడు వినిపించింది. జనం నావంక జాలిగా చూశారు. "పాపం, పెద్దావిడకు ఆస్పత్రినుంచి వచ్చాక మనసు బాగోలేదట," అన్నారొకరు. ఆ మాట అంత త్వరగా వీధిలోకి ఎవరు తెచ్చారో ఊహించడం కష్టం కాదు.

మందుల తనిఖీ కార్యాలయానికి ఫిర్యాదు చేశాను. వాళ్ళు పద్ధతి ప్రకారమే వచ్చారు, దుకాణంలో ఉన్న పొట్లాలు పద్ధతి ప్రకారమే పరీక్షకు పంపారు. వేళ్ళు, బెరళ్ళు తప్ప ఏమీ లేవని తేలింది. నిజమే మరి, లేవు. నేను అలమారలో పెట్టిన పాత పొట్లాలేవని మా అమ్మాయిని అడిగితే, నేను ఆస్పత్రిలో ఉండగా ఇల్లు సర్దడానికి వచ్చిన మరదలు అలమార కూడా సర్దిందట. డాక్టరు తన పరీక్షలు రాసి ఇచ్చింది. అవి నా రక్తంలో ఏముందో చెబుతాయి, దుకాణం సొరుగులో ఏముండేదో చెప్పవని ఆ కార్యాలయం వాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు. ఆస్పత్రి మంచం దగ్గర చెప్పిన మాత్ర పేరును అసలు తాను చెప్పనేలేదన్నాడు వాడు; డాక్టరు రాసుకున్నదాని మీద వాడి సంతకం లేదన్నారు వాళ్ళు. మా అమ్మాయి సాక్ష్యం చెప్పడానికి ఇంకా ఆలోచిస్తోంది. మావయ్య కదా అంటోంది. పరీక్షలో నెగ్గిన కాగితాన్ని తమ్ముడు అద్దం కట్టించి తక్కెడ పైన వేలాడదీశాడు.

ఆ ఎండాకాలంలోనే, కుట్టు టీచరు పడిపోవడానికి కొద్దిరోజుల ముందు, మా వెనక వీధిలో ఉండే రిటైరైన పోస్ట్‌మాన్ నడుస్తూ నడుస్తూ కుప్పకూలి చనిపోయాడు. ఎండదెబ్బ అన్నారు. ఆయన నడుం నొప్పికి ఆ పొడే వాడేవాడని ఆయన భార్య తర్వాత నాతో చెప్పింది. ఎండదెబ్బే కావచ్చు. నాకు తెలియదు. తెలుసుకునే దారి ఇప్పుడు ఎవరికీ లేదు. ఆవిడకు నేను ఏమీ చెప్పలేదు. ఎరుగనిదాన్ని ఎరిగినట్లు చెప్పడం నాకు రాదు.

తమ్ముడు మా ఇంటికి రావడం మానేశాడు. వస్తే అదే ప్రశ్న అడుగుతానని వాడికి తెలుసు. ఆ దుకాణంలో పొట్లాలు కట్టినవాడికి కొన్నవాళ్ళందరూ తెలుసు. కొన్నవాళ్ళెవరో నాకు తెలియదు. వాళ్ళ ఇళ్ళ తలుపులు తట్టే కాళ్ళు నాకు లేవు. అందుకే ఇది అచ్చులో పెడుతున్నాను.

కనుక ఇప్పుడు మీతో. కీళ్ళకో, నడుముకో, ఆయాసానికో ఎవరో ఆప్తుడు కట్టి ఇచ్చిన పేరులేని పొడి మీరు తింటున్నా, ఈమధ్యే మానేసినా, దానివల్ల మీ ముఖం గుండ్రబడినా, ఒళ్ళు ఉన్నట్టుండి నీరసిస్తున్నా, ఈ కాగితం పక్కన పెట్టి లేవండి. ఇచ్చినవాడిని అడగకండి, వాడు మీకు ప్రేమగానే అబద్ధం చెబుతాడు. ఇంకా తింటుంటే మీ అంతట మీరు మానకండి. పొట్లం చేత్తో పట్టుకుని, ఈరోజే, పెద్దాస్పత్రికి వెళ్ళండి. వాళ్ళు అడిగేదాకా ఆగవద్దు. "నేను ఈ పొడి తిన్నాను, నా రక్తంలో కార్టిసాల్ ఎంతుందో చూడండి" అని మీరే ముందు చెప్పండి. ఎండదెబ్బ అంటే ఒప్పుకోకండి. చూసేదాకా ఆ గదిలోంచి కదలకండి.